ఆముదం వాసన వేసే దీవి

ఇంగ్లండుకూ ఐర్లండుకూ నడుమ, ఐరిష్ సముద్రంలో ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న దీవి ఉన్నది. అది బ్రిటిష్ రాజమకుటానికి లోబడినదే గాని యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు. దాని శాసనసభ వేరు, చట్టాలు వేరు. ఆగస్టు మాసాంతాన రాజధాని డగ్లస్‌లో, పందేల ప్రేక్షకశాల వెనుక ఉన్న మైదానంలోకి అడుగుపెట్టిన తెలుగువానికి ముందుగా సోకేది చిరపరిచితమైన వాసన. కాలిన ఆముదం!

మన పెద్దలు పసివాళ్ళకు పట్టించి, ప్రమిదలలో వెలిగించిన ఆముదమే అక్కడ పందెపు మోటారు సైకిళ్ళను కాపాడింది. ఎంత వేడిలోనైనా అది లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. కాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదపు ఆంగ్ల నామం నుంచి పుట్టినదే. నల్లగొండ మెట్ట పొలాల రైతుకు ఈ సంగతి వింతగా తోచవచ్చు.

దీవిలో మోటారు సైకిలు పందేలు 1907లో మొదలైనవి. 1911 నుంచి అవి కొండదారి పట్టాయి. చుట్టు ఒక్కటికి 60.7 కిలోమీటర్లు. ఇది పందేలకై కట్టిన బాట కాదు. తక్కిన రోజులలో పాలబండ్లూ బస్సులూ తిరిగే రహదారి. బ్రే హిల్ వద్ద ఇళ్ళ నడుమ నుంచి నిట్టనిలువుగా దిగుతుంది. బల్లా వద్ద గూనివంతెన మీద చక్రాలు నేలను విడుస్తాయి. రామ్సే దాటి స్నేఫెల్ కొండ పక్కగా మంచులోకి ఎక్కుతుంది. రాతిగోడలు దారికి జానెడు దూరంలో ఉంటాయి. ఇంతవరకు 250 మందికి పైగా పోటీదారులు ఈ దారిలో ప్రాణాలు విడిచారు. 1976 తరువాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఇక్కడినుంచి తరలిపోయింది. పందేలు మాత్రం ఆగలేదు.

ఈ దీవి పేరే పెట్టుకున్న యంత్రం మాంక్స్ నార్టన్. బర్మింగ్‌హామ్‌లోని బ్రేస్‌బ్రిడ్జ్ వీధిలో తయారైన ఒంటి సిలిండరు బండి అది. 1950లో బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ దానికి కొత్త చట్రం సమకూర్చాడు. నడిపినవారికి అది హంసతూలికా తల్పంలా తోచినదట; అందుకే దానికి ఫెదర్‌బెడ్ అని పేరు. ఆ ఏడే జెఫ్ డ్యూక్ దానిపై సీనియర్ పందెం గెలిచాడు. 1961లో మైక్ హెయిల్‌వుడ్ గెలిచాడు. నాలుగు సిలిండర్ల విదేశీ యంత్రాల ముందు ఒంటి సిలిండరు నిలవలేదు గాని, 1969లో యుగోస్లావియాలో గాడ్‌ఫ్రీ నాష్ చేతిలో చివరి మారు ప్రపంచస్థాయి విజయం చవిచూసింది.

అలాంటి బండిని నేడు పునరుద్ధరించబూనినవానికి తొలి చిక్కు విచిత్రమైనది. 1950లలో చిన్నకార్ల పందెగాళ్ళకు ఆ ఇంజనే కావలసి వచ్చింది. కంపెనీ ఇంజనును విడిగా అమ్మేది కాదు. అందుచేత వారు బండి మొత్తం కొని, ఇంజను పెరికి, చట్రాన్ని వదిలించుకునేవారు. ఆ చట్రాలలో కుర్రకారు ట్రయంఫ్ ఇంజన్లు బిగించి ట్రైటన్లు చేసుకున్నారు. ఆ విధంగా విడిపోయిన జంటల సంఖ్యలు సరిచూడడంతోనే పని ఆరంభమవుతుంది.

ఇంజను విప్పితే ఆముదపు రెండో గుణం బయటపడుతుంది. వాడక మానేస్తే అది బంకగా, ఆపై లక్కలా గట్టిపడుతుంది. చమురుదారులు పూడిపోయి ఉంటాయి. పిస్టన్ రింగులు కదలవు. ఓపికతో కరిగించవలసిందే. ఖనిజతైలంతో అది సరిగా కలవదు గనుక, రెండింటినీ కలిపి పోయడం ప్రమాదం. క్యాములను తిప్పే బెవెల్ గేర్ల మధ్య సందును కాగితమంత పలుచని రేకులతో సరిచేస్తారు. అక్కడ కొలత సాధనాలతోపాటు వేలికొనల అనుభవమూ కావాలి.

అసలు సంకటం క్రాంక్‌కేసు. బరువు తగ్గించడానికి దానిని మెగ్నీషియం మిశ్రలోహంతో పోతపోశారు. తేమగాలికి అది తెల్లని పొడిగా రాలుతుంది. కంటికి ఆనని పగుళ్ళు రంగుద్రావకం పూస్తే గాని తెలియవు. వేగంలో అది బద్దలైతే పక్కన ఉండేది రాతిగోడ. కొత్త పోతలు నేడు దొరుకుతాయి. కాని వాటిని వేస్తే అది 1950ల బండి అవుతుందా? కొందరు పాతదానిని గుడ్డలో చుట్టి భద్రపరచి, కొత్తదానితో పరుగెత్తిస్తారు. మరికొందరు ఉన్నది ఉన్నట్లు ఉంచి అద్దాల వెనుక నిలబెడతారు. చూడడానికి అదీ ఇంపుగానే ఉంటుంది. ఆముదం వాసన మాత్రం రాదు.

మాంక్స్ గ్రాండ్ ప్రి రోజులలో పాత యంత్రాలను దారి మీదికి తెస్తారు. కిక్ కొట్టే కడ్డీ వాటికి లేదు. గేరు వేసి, క్లచ్ నొక్కి, నాలుగడుగులు తోసి, పక్కవాటుగా సీటు మీదికి దూకుతూ క్లచ్ వదలాలి. ఒక దగ్గు, మరో దగ్గు, ఆపై తెరపిలేని గర్జన. తెరిచి ఉన్న వాల్వు స్ప్రింగుల నుంచి చమురు తుంపరలు నడిపేవాని మోకాళ్ళ మీద చిందుతుండగా, నీలిపొగ వదులుతూ బండి బ్రే హిల్ వైపు దిగిపోతుంది.