తోక లేని క్రియ

ఆంగ్లంలో "తగ్గించు" అనే అర్థానికి క్రియలు కోకొల్లలు. వాటిలో నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది "కర్టెయిల్". ఖర్చులు, ప్రసంగాలు, అధికారాలు, హక్కులు: దేన్ని కుదించినా ఈ ఒక్క మాటే చాలు.

చివర "టెయిల్" వినబడుతుంది కనుక ఇందులో తోక ఉందని ఎవరికైనా తోస్తుంది. నిజానికి పుట్టుకలో ఈ పదానికి తోక లేదు. దీని మూలం "కర్టల్", అంటే తోక కత్తిరించిన గుర్రం. అది ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వెనుక "పొట్టి" అనే అర్థమిచ్చే లాటిన్ "కుర్తుస్" ఉంది. చివరి భాగం వట్టి ప్రత్యయమే. గుర్రం సంగతి తెలిసిన జనానికి ఆ ప్రత్యయంలో తోక వినిపించింది. వర్ణక్రమమూ అలాగే మారింది. షేక్‌స్పియర్ మూడవ రిచర్డ్ నాటకం మొదటి స్వగతంలోనే, తన వికలాకృతిని చెప్పుకోవడానికి గ్లాస్టర్ ఈ క్రియనే వాడుకున్నాడు.

ఇంకాస్త వెనక్కి వెళితే మన ఇల్లు కనిపిస్తుంది. "కుర్తుస్"కు మూలం "కోయు" అనే అర్థంగల ఇండో-యూరోపియన్ ధాతువు. సంస్కృతంలోని "కృంతతి", "కర్తరి" ఆ వంశంవే. కర్తరి ప్రాకృతం మీదుగా తెలుగులో కత్తెర అయింది. కనుక "కత్తిరించు" కర్టెయిల్‌కు అనువాదమే కాదు, దూరపు చుట్టం కూడా.

అత్యవసర పరిస్థితి గురించిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తుండగా, "పౌరహక్కులను కర్టెయిల్ చేశారు" అన్న వాక్యం దగ్గర నా కలం ఆగింది. కత్తిరించడమంటే కొంత మిగలాలి కదా! 1975 జూన్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్ళే హక్కును నిలిపివేసింది. నిర్బంధితులకు హెబియస్ కార్పస్ కూడా దక్కదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ మిగిలిన ముక్క ఏది? నేను "హరించారు" అని రాశాను. 20, 21 అధికరణాలను అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయరాదని 1978లో 44వ సవరణ చెప్పవలసివచ్చిందంటే, పోయింది తోక మాత్రమే కాదన్నమాట.

అయినా తోకను మాత్రం తేలిగ్గా తీసెయ్యగలమా? తోక తెగిన గుర్రం పరుగెత్తుతుంది, బండి లాగుతుంది. ఈగలను మాత్రం తోలుకోలేదు. బ్రిటన్‌లో గుర్రాల తోకలు కత్తిరించడాన్ని 1949లో చట్టం చేసి నిషేధించారు. కోసేవాడికి అలంకారంగా కనిపించేది ఆ జీవికి ఆత్మరక్షణ. అందుకే ఈ క్రియ ఎదురైనప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఎంత మిగిలింది? పోయినదానితో ఏం పని జరిగేది?

మీరైతే ఆ వాక్యానికి ఏ తెలుగు మాట వాడతారు?