కప్పు గౌరవం

భద్రాచలం నుండి చర్లకు పోయే దారి వెంట, కోతలు ముగిసిన పొలాలలో పిల్లలు బంతి ఆడుతుంటారు. రెండు వెదురు గడలు పాతితే అదే గోలు. పాదరక్షలుండవు. ఒక సాయంకాలం ఆగి చూస్తుండగా, నా వద్ద ఇంటర్మీడియట్ చదివే కోయ విద్యార్థి ఒకడు పరుగున వచ్చి నమస్కరించాడు.

"సార్, సంతోష్ ట్రోఫీ అంటే నిజంగా గొప్పదా? అందులో ఆడితే ఎవరైనా చూస్తారా?"

ప్రబంధాలకు ప్రతిపదార్థం చెప్పడమే వృత్తిగా గల నాకు ఆ రెండవ ప్రశ్నలోని ఆంతర్యం వెంటనే బోధపడలేదు. మొదటిదానికి మాత్రం ఉత్సాహంగా బదులు చెప్పాను. రాష్ట్రాల జట్ల మధ్య ఆ పోటీ 1941లో మొదలయింది. ఆ పేరుకు మన సంతోషంతో సంబంధం లేదు. అది నేటి బంగ్లాదేశ్‌లోని ఒక సంస్థానం పేరు. 1956-57, 1957-58లలో హైదరాబాదు వరుసగా దానిని గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది.

ఆ వైభవానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. (ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కొంత గర్వం తొణికి ఉంటుంది.) 1943 నుండి 1963లో కన్నుమూసే వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉండి, ఊరిలోనే రకరకాల పోటీలు నడిపించాడు. వాటిలో బలహీనమైన పాదంతోనే బంతిని తన్నవలసిన పోటీలు కూడా ఉండేవి! ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానాన్నీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణాన్నీ పొందింది.

అట్టి కప్పులకు గౌరవం ఎందుకు తగ్గింది? 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు ఐదుమార్లు వరుసగా గెలిచింది. 2000-01 తరువాత ఆ పోటీయే లేదు. అంతకంటె పాతదైన డ్యూరాండ్ కప్పు మాత్రం 2019లో కలకత్తాకు చేరి తేరుకుంది; 2022లో ఇండియన్ సూపర్ లీగ్ జట్లన్నీ అందులో ఆడాయి. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి అంత ప్రతిష్ఠ ముత్యాల తలంబ్రాల వలననే రాలేదు. ఏటా తిథి తప్పక జరగడం వలన, నలుదిక్కుల జనం రావడం వలన వచ్చింది. కప్పుకైనా అంతే.

2023లో సంతోష్ ట్రోఫీ చివరి ఆటలను సౌదీ అరేబియాలోని రియాద్‌లో జరిపారు. ప్రతిష్ఠ పెంచాలన్నది ఉద్దేశం. నాకది రుచించలేదు. ఆటగాడి తల్లిదండ్రులు బస్సెక్కి రాలేని చోట ఏ ప్రతిష్ఠ పెరుగుతుంది?

2024 డిసెంబరు 31న హైదరాబాదు గచ్చిబౌలిలో అంతిమ పోటీ జరిగింది. చివరి నిమిషాలలో పడిన ఒకే ఒక గోలుతో బెంగాల్ కేరళపై గెలిచింది. ఆ గోలు కొట్టినవాడు రాబి హాన్స్‌దా. ఆ పోటీలలో అతడు మొత్తం పన్నెండు గోలులు కొట్టాడు.

"అతడు సంతాల్ గిరిజనుడు" అన్నాను.

కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మన జిల్లా జట్టును ఎప్పుడు ఎంపిక చేస్తారు సార్?" అని అడిగాడు.

తెలిసిన ఇద్దరు ముగ్గురిని విచారించాను. ఎవరూ తేదీ చెప్పలేకపోయారు. ఇప్పటికీ తరగతి ముగియగానే వాడు గుమ్మం వద్ద నిలబడతాడు. "కనుక్కుంటున్నాను నాయనా" అంటూనే ఉన్నాను.