బస్సులో దస్తీకున్న విలువ..

నిజామాబాద్ బస్టాండ్‌లో కిటికీలోంచి దస్తీ వేస్తే చాలు, ఆ సీటు మనదే. వేలకు వేలు పోసి కొన్న విమానం టికెట్‌కు ఆ పాటి విలువ లేదని మా మేనత్త అమెరికా ప్రయాణంలో తెలిసింది.

బోధన్‌లో ఉండే అత్తకు మోకాళ్ల నొప్పులని బావ ప్రీమియం ఎకానమీ టికెట్ తీశాడు. రెండు రోజుల ముందు ఆ విమానం రద్దయింది. భాగస్వామ్య సంస్థ విమానంలోకి మార్చారు. అందులో ఆ తరగతే లేదు. దక్కింది చివరి వరుసలో నడిమి సీటు. శంషాబాద్ కౌంటర్‌లో అడిగితే ‘టికెట్ అమ్మినవాళ్లను అడగండి’ అన్నారు. వాళ్లకు ఫోన్ చేస్తే ‘విమానం నడిపేవాళ్లను అడగండి’ అన్నారు.

‘‘కాట కాడ చెరుకు బండిని ఎన్కకు నెడితె ఊకుంటుంటిమా బిడ్డా?’’ అంది అత్త.

ఊరుకోనక్కర్లేదు. కొన్న తరగతి నుంచి దించేస్తే డబ్బు వెనక్కివ్వాలని డీజీసీఏ నిబంధన 2023 ఫిబ్రవరి 15న అమల్లోకి వచ్చింది. దేశీయ ప్రయాణానికి పన్నులతో కలిపి టికెట్ ధరలో 75 శాతం. విదేశాలకైతే 1500 కిలోమీటర్ల వరకు 30, 3500 వరకు 50, ఆపైన 75 శాతం. కాళ్లు చాపుకొనేందుకు అదనంగా కట్టే సీటు వేరు, తరగతి వేరు. అందుకే రెండు రసీదులూ దాచుకోవాలి. కౌంటర్ దగ్గరే సీటు మార్పును రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

బావ మెయిళ్ల మీద మెయిళ్లు పెడితే నాలుగు నెలలకు డబ్బు వచ్చింది. దిగాక వారం రోజులు అత్త గోడ పట్టుకునే నడిచింది.