చేతులు జేబుల్లో దాచొద్దు!

సినిమా కబుర్లు రాసుకుని బతికే మనిషికి ఈ బొమ్మల గోల ఎందుకొచ్చిందీ అనుకుంటున్నారా? మీరే కాదు, మా అమ్మ కూడా వారానికోసారి అడుగుతూనే వుంది. ముప్పైనాలుగేళ్ళు నిండాయి, బి.కాం. పాసయి పుష్కరం దాటింది, తోటివాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు, వీడేమో తెల్లవారకుండా లేచి చెంబు బొమ్మ వేసుకుంటున్నాడు. అదీ ఆవిడ బెంగ!

ఆవిడ బెంగలో అర్థం లేకపోలేదు. పొద్దున అయిదు నుంచి ఏడున్నర దాకా నేను వ్యాసాలు రాసుకునే వేళ. రెండేళ్ళ ఎనిమిది నెలలుగా ఆ వేళ బొమ్మలకి పోతోంది. లెక్క చూస్తే నెలకి రెండు వ్యాసాలు తగ్గాయి. నాలాటి ఫ్రీలాన్సు విలేకరికి రెండు వ్యాసాలంటే గది అద్దెలో సగం. అందుకే మొదలుపెట్టిన రోజునే మూడేళ్ళు గడువు పెట్టుకున్నాను. ఈలోగా కథలకి బొమ్మలు వేసి ఆ సగం అద్దె సంపాదించగలిగితే సరే, లేకపోతే పెన్సిళ్ళన్నీ మేనల్లుడికి ఇచ్చేసి మళ్ళీ కలం పట్టడం. ఇక మిగిలింది నాలుగు నెలలు!

బొమ్మలకీ సినిమాకీ చుట్టరికం మీకు తెలియంది కాదు. మన బాపుగారు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా పుచ్చుకుని కూడా నల్లకోటు వేసుకోలేదు. కుంచె పట్టుకున్నారు. 1967లో 'సాక్షి' తీసేనాటికి ఆంధ్రదేశమంతా ఆయన గీత ఎరుగును. సత్యజిత్ రాయ్ 1943లో ఓ విదేశీ ప్రకటనల కంపెనీలో నెలకి 80 రూపాయల జీతం మీద బొమ్మలు వెయ్యడానికి చేరారు. 'పథేర్ పాంచాలి' నవలని పిల్లల కోసం కుదించి వేసినప్పుడు బొమ్మలు వేసింది ఆయనే. ఆ కథ ఆయన్ని వదల్లేదు, 1955లో సినిమా అయింది. ఇక జపానులో కురొసావాగారైతే 'కగేముషా'కి డబ్బు పుట్టక సినిమా ఆగిపోతుందేమోనన్న రోజుల్లో దాన్ని బొమ్మలుగా వేసుకుంటూ కూర్చున్నారు. 1980లో సినిమా వచ్చింది. ఇవన్నీ మా అమ్మకి చెప్పాను. "వాళ్ళకి అద్దె బాకీ వుందిట్రా?" అంది!

నాకు బొమ్మలు నేర్పే మాస్టారిది చిక్కడపల్లిలో మేడమీద గది. ఆయన కాలేజీల్లో నేర్చుకున్నవారు కారు. ముప్పై ఏళ్ళు సినిమా బ్యానర్లు రాసిన చెయ్యి. ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ థియేటర్ల ముందు మన అన్నయ్యలూ బాబాయిలూ నోరు తెరుచుకుని చూసిన నిలువెత్తు హీరోల్లో కొందరు ఆయన నిచ్చెన మీంచి దిగినవాళ్ళే. ఫ్లెక్సీలు వచ్చాక నిచ్చెన మూలపడింది. అప్పట్నించీ ఆదివారాలు పాఠం చెబుతున్నారు.

బ్యానర్ రాయడం ఎలాగో మీలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. చేతిలో పోస్టుకార్డంత స్టిల్లు. ఎదురుగా ఇరవై అడుగుల గుడ్డ. స్టిల్లు మీద స్కేలుతో గళ్ళు గీస్తారు. గుడ్డ మీద అన్నే గళ్ళు పెద్దవి గీస్తారు. ఇక్కడి గడిలో కనుబొమ్మ ఎంత వుందో అక్కడి గడిలో అంతకి తగ్గట్టు. నిచ్చెన మీద వున్నవాడికి మొహం కనబడదు, ఓ ముక్కుపుటమో, ఓ పెదవి మూలో కనబడుతుంది. దిగి రోడ్డు అవతలికి వెళ్ళి చూస్తేనే హీరో. "అందుకే నాయనా, ముందు గడి నేర్చుకో, తరవాత గడి మరిచిపో" అన్నారు మాస్టారు. మొదటి ఆరు నెలలూ గళ్ళే. ఏడో నెలలో గళ్ళు మాన్పించి, నా రబ్బరు తీసుకుని సొరుగులో పడేశారు. చెరిపే వీలు లేనప్పుడు గీత గీసేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడమే ఆయనకి కావలసింది.

గళ్ళు పోయాక నాకు గురువు దొరికింది 'మాయాబజార్'లో! 1957 నాటి సినిమా, మీలో చాలామంది 2010లో వచ్చిన రంగుల ప్రింటు చూసివుంటారు. బొమ్మలు నేర్చుకునేవాడికి మాత్రం నలుపు తెలుపుదే మేలు. మార్కస్ బార్‌ట్లీ కెమెరా, గోఖలే, కళాధర్‌ల కళ. ఏ ఫ్రేము ఆపినా వెలుగెక్కడ, నీడెక్కడ అన్నది పుస్తకంలో అచ్చువేసినట్టు కనబడుతుంది. నా పద్ధతి ఇది: ఫోనులో సినిమా ఆపడం, గడియారం పెట్టుకుని రెండే నిమిషాల్లో ఆ ఫ్రేము గీసెయ్యడం, మళ్ళీ కదిలించడం. మొహాలు వెయ్యకూడదు. మనిషి ఆకారం, నీడలు, అంతే.

అందులో సావిత్రిగారిని గీస్తూ నేను మూడు వారాలు ఇరుక్కుపోయాను. శశిరేఖగా వున్న సావిత్రి వేరు, ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి వచ్చాక వున్న సావిత్రి వేరు. అదే మొహం, అదే జడ, అవే నగలు. అయినా ఎవరు ఎవరో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. ఎక్కడుంది తేడా? మొహాలు వెయ్యకూడదు కదా, అందుకని వొంటి గీతలే పక్కపక్కన పెట్టుకుని చూశాను. శశిరేఖ బరువంతా ఒక కాలి మీద పడుతుంది. తల కొంచెం వాలుతుంది. మోచేతులు నడుముకి దగ్గరగా వుంటాయి. మాయా శశిరేఖకి బరువు రెండు కాళ్ళ మీదా సమానం. మోచేతులు వొంటిని వదిలి బయటికి వస్తాయి. మెడ నిటారు. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుణ్ణి తీసుకొచ్చి పక్కన గీస్తే... అవే భుజాలు! ఆయన భుజాల్ని ఈవిడ తన వొంట్లోకి దించేసుకుంది.

ఆ కాగితాలు చూపిస్తే మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. "ఇరవై అడుగుల సావిత్రిని ఎన్నిసార్లు రాశానో. ఈ భుజం సంగతి నాకు తట్టలేదయ్యా" అన్నారు. ఈ రెండేళ్ళ ఎనిమిది నెలల్లో నేను సంపాదించింది ఏమిటీ అంటే నేను మొట్టమొదట చెప్పేది ఆ మాట.

మా వృత్తిలో పని కంటే ఎదురుచూపులు ఎక్కువ. హీరోగారు మేకప్పు గదిలోంచి పదినిమిషాల్లో వస్తారంటారు, మూడు గంటలు పడుతుంది. ఇదివరకు తోటి విలేకరులతో కూర్చుని వూళ్ళోవాళ్ళ సంగతులన్నీ నమిలేవాణ్ణి. ఇప్పుడు లైట్‌బాయిల్ని గీస్తున్నాను. రిఫ్లెక్టరు పట్టుకుని నిలబడ్డ మనిషి కంటే మంచి మోడలు వుండడు. కదలడు, కదిలితే కెమెరామన్ వూరుకోడు! అరిగిన చెప్పు, ఎండకి ముడుచుకున్న కళ్ళు, మెడలో తువ్వాలు. హీరోల బొమ్మలు నా నోటుబుక్కుల్లో పదో పదిహేనో వుంటాయి. లైట్‌బాయిలవి నాలుగొందలు దాటాయి. కాగితానికి ఖర్చు పెట్టను. మా వీధి ప్రింటింగు దుకాణంలో పాడైన కాగితాల కట్ట వారానికోసారి తెచ్చుకుంటాను, వెనకవైపు తెల్లగానే వుంటుంది. ప్రతి కాగితం మీదా తేదీ వేస్తాను. నచ్చనిది కూడా చింపను. రాత్రిపూట ఇంకు ముట్టుకోను, రాత్రి నా గీత అబద్ధాలాడుతుంది. ఫోను పొద్దున ఏడున్నర దాకా బియ్యం డబ్బాలో వుంటుంది.

ఇక రానిది ఏమిటో కూడా చెప్పాలి కదా. చేతులు! మొహం ఓ మాదిరిగా వస్తోంది, చీర కుచ్చిళ్ళు వస్తున్నాయి, నీడ బాగానే పడుతోంది. చేతి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు బెండకాయలవుతున్నాయి. బొమ్మలు వేసేవాళ్ళందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది: మగవాడైతే చేతులు జేబులో పెట్టించడం, ఆడమనిషైతే పైటచాటున దాచడం. మాస్టారికి అది గిట్టదు. "చేతులు జేబుల్లో దాచొద్దు. మనిషి నోటితో అబద్ధం చెప్పినా చేతుల్తో చెప్పలేడు" అంటారు. నలభై రోజుల్లో వంద చేతులు వేయించారు. డెబ్భయ్యో చెయ్యి నుంచి బొటనవేలు మాత్రం నా మాట వింటోంది.

ఈమధ్య ఓ తమాషా జరిగింది. ఒక పత్రికవారు - పేరెందుకు లెండి - కథకి బొమ్మని కంప్యూటరు చేత వేయించుకున్నారు. ఆ బొమ్మలో పెళ్ళికూతురికి ఆరు వేళ్ళు! నాకు ఫోను చేసి, "మీరు బొమ్మలు వేస్తారటగా, ఆ వేలొకటి తీసేసి పెడతారా?" అన్నారు. మొత్తం బొమ్మ నేనే వేసిస్తానంటే "అంత బడ్జెట్ లేదండీ" అన్నారు. వేలు తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఇలాటివి విన్నప్పుడే గడువులో మిగిలిన నాలుగు నెలలూ గుర్తొస్తాయి. కథకి బొమ్మ అంటే కథ చదివినవాడు వెయ్యాలని నా నమ్మకం. ఆ నమ్మకానికి డబ్బిచ్చేవాళ్ళు నెలకి ఎంతమంది దొరుకుతారన్నదే నా ప్రశ్న. ఇంతవరకూ మూడు కథలకి వేశాను. మూడింటికీ కలిపి వచ్చింది ఒక్క నెల సగం అద్దె.

ఆ మూడు బొమ్మలూ మాస్టారు దిద్దాకే వెళ్ళాయి. నాలుగోదానికి ఆయన వుండరు. చెయ్యి వణకడం ఎక్కువైంది, సంక్రాంతి వెళ్ళగానే సామాను సర్దుకుని విశాఖపట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు సొరుగు తీసి నా రబ్బరు నాకిచ్చారు. ఫోటో తీసి పంపిస్తానంటే, "వొద్దు, ఫోనులో నాకు సరిగ్గా ఆనదు. అచ్చయ్యాక పుస్తకం పంపించు" అన్నారు.

నాలుగో కథ మొన్న చేతికొచ్చింది. శుక్రవారానికి ఇవ్వాలి. కథలో ఓ తల్లి అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ, కొడుకు వూరొదిలి వెళ్ళిపోతున్నానని చెప్పే మాట వింటుంది. ఆవిడ తలెత్తదు. రెండు చేతులూ చేట మీదే. దాచడానికి జేబు లేదు, పైటచాటు లేదు. పక్కింటి పిన్నిగారిని బతిమాలి, అరకిలో బియ్యం పోసి, అరగంట చెరిగించి చూశాను. చేట ఎగిరేటప్పుడు బొటనవేళ్ళు పైన వుంటాయి, మిగతా నాలుగూ కింద కనబడకుండా బరువు మోస్తాయి. కొడుకు మాట విన్న క్షణంలో చేట ఆగాలి. ఆగిన చేటని పట్టుకున్న వేళ్ళు ఎలా వుంటాయన్నది పిన్నిగారిని అడిగితే, "ఆగితే ఏముంది నాయనా, బిగుస్తాయి" అంది.

ఇప్పటికి మూడు రఫ్‌లు అయ్యాయి. నాలుగోది బల్ల మీద వుంది. రబ్బరు సొరుగులోనే వుంది.