నవాబు – నేటి పత్రిక

మన దేశమున నవాబులు చట్టరీత్యా లేరు. పత్రికలలో మాత్రము దినదినము పుట్టుచున్నారు. రాజ్యాంగములోని 18వ అధికరణము, సైనిక, విద్యావిషయక గౌరవములు తప్ప, ప్రభుత్వము బిరుదులిచ్చుటను నిషేధించినది. 1971లో 26వ సవరణ వచ్చి సంస్థానాధీశుల గుర్తింపును, రాజభరణములను రద్దు చేసినది. అయినను 'నవాబు' అను మాటకు పత్రికా కార్యాలయములలో పని తగ్గలేదు.

ఈ మాట పుట్టుక చూచినచో నవ్వు వచ్చును. అరబ్బీ భాషలో 'నాయిబ్' అనగా మరియొకరికి బదులు పనిచేయువాడు. దాని బహువచనమునుండియే 'నవాబు' వచ్చినది. గౌరవార్థము ఒక్కనినే పలువురిగా పిలిచినారు. మనము తెలుగులో 'వారు' అనునట్లే. మొగలు చక్రవర్తికి బదులు సుబాను పాలించు ఉద్యోగియే తొలినాటి నవాబు. మన నాయబ్ తహసీల్దారుగారికిని ఆయనకును మూలము ఒక్కటే యన్నమాట!

ఆటల పుటను చూడుడు. మన్సూర్ అలీఖాన్ 1962లో ఇరువది యొక్క యేండ్ల వయసున భారత క్రికెట్ జట్టుకు నాయకులైనారు. స్కోరు పట్టికలలో వారి పేరు 'పటౌడీ నవాబు' అనియే అచ్చయ్యెడిది. 1971 సవరణ తరువాత అదే ఆటగాడు వట్టి 'మన్సూర్ అలీఖాన్' అయినారు. బ్యాటు మారలేదు, చేయి మారలేదు. రంజీ పోటీలలో వారు మన హైదరాబాదు జట్టున చేరి, జయసింహగారి నాయకత్వమున ఆడిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. ఇక ధాన్యపు వర్తకుని కుమారుడైన వీరేందర్ సెహ్వాగ్‌ను విలేఖరులు 'నజఫ్‌గఢ్ నవాబు' అనిరి. 2004లో ముల్తానున 309 పరుగులు చేయగానే 'ముల్తాను సుల్తాను' అనిరి. ఈ వాడుక మాకు ఇష్టము. ఇక్కడ బిరుదు తాతతండ్రులనుండి రాలేదు, చేతిపనినుండి వచ్చినది.

సముద్రము దాటిన నవాబు వేరు. ఈస్టిండియా కంపెనీ కొలువున ధనము మూటగట్టుకొని స్వదేశము చేరిన ఆంగ్లేయులను అక్కడి జనులు 'నెబాబ్' అని ఎగతాళి చేసినారు. 1970లో అమెరికా ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ తమ ప్రభుత్వమును తప్పుపట్టువారిని ఆ మాటతోనే ఎత్తిపొడిచినాడు. ఆ ప్రసంగము వ్రాసి యిచ్చిన విలియం సఫైర్ తరువాత పేరొందిన పత్రికా రచయిత అయినాడు. విమర్శకులను నెబాబులనిన కలమే విమర్శకుల వరుసలో చేరినది!

మాకు బాధ కలిగించునది మన ఇంటి ముంగిటి వాడుక. హైదరాబాదును గూర్చిన వ్యాసమనగా నవాబు, బిర్యానీ, ముత్యములు, నాలుగవది తోచదు. ఒకనిని సోమరి యనుటకు జంకు కలిగినచో 'నవాబు దర్జా' యని వ్రాయుదురు. ఈ మాట నవాబులకు తగులదు, వారు లేరు గదా. తగులునది మన తరగతులలో కూర్చుండువారికి. వీరిలో ఆటో నడుపువారి బిడ్డలు, దర్జీల బిడ్డలు, బీడీలు చుట్టు తల్లుల బిడ్డలు కలరు. 2001 జనగణన ప్రకారము దేశపు అక్షరాస్యత 64.8 శాతము కాగా ముస్లిములలో అది 59.1 శాతమే. ఉద్యోగమునకై పోయినచోట 'ఏమి నవాబుగారూ' యని పలుకరించువాడు పరిహాసమే యనుకొనును; ఫీజుకు అప్పు చేసి చదివినవానికి అది ఎట్లు వినిపించునో ఎరుగడు.

ఈ నగరపు పత్రికా చరిత్రలోనే మరియొక మాట కలదు. తెలుగువారైన మందుముల నరసింగరావుగారు నడిపిన ఉర్దూ పత్రిక పేరు 'రయ్యత్'. అనగా రైతు, ప్రజ. నిజాము కాలమున, బిరుదులు వీధివీధిన మెరయుచుండగా, ఆ పేరు పెట్టుటకు గుండె కావలెను. అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్, అది ఆగిపోయిన పిదప 'ఇమ్రోజ్' స్థాపించి, రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్య చేయబడినారు. 'ఇమ్రోజ్' అనగా 'నేడు'. ఆయన పేరుకు ముందు ఏ బిరుదును లేదు. మన విద్యార్థులలో సెహ్వాగ్ పరుగులు ఎరిగినవారు పెక్కుమంది. ఈయన పేరు ఎరిగినవారు ఎందరు?

ఉర్దూ విభాగపు విద్యార్థులు ఆ రెండు పత్రికల సంచికలు గ్రంథాలయములలో ఎచ్చట లభించినను వెదకి చదివి, తెలుగు విభాగమువారితో కూడి అనువదింపవలెనని మా కోరిక. వచ్చే సంవత్సరపు సంచికలో అందుకై నాలుగు పుటలు విడిచి ఉంచవలసినదిగా కళాశాల సంఘమువారిని వేడుచున్నాము.