షోలాపూరు నేతవాడలో రెండు రోజులు

షోలాపూరు అనగానే మనవారికి మొదట దుప్పటి గుర్తుకు వస్తుంది. తెలుగింటి పెట్టె అడుగున ఆ ఊరి దుప్పటి ఒకటైనా ఉండకపోదు. దానిని నేసిన చేతులు చాలావరకు తెలుగువారివేనన్న సంగతి మాత్రం అందరికీ తెలియదు. అది కన్నులారా చూడాలని మొన్న చలికాలంలో మేము సికిందరాబాదులో రైలెక్కాము. తాండూరు దాకా మన మాటే. వాడి, గుల్బర్గాల దగ్గర కన్నడం. ఆపైన మరాఠీ. తెలుగు నేలను విడిచి వాయవ్యంగా చాలా దూరం వచ్చేశామనుకొంటూ దిగాము. తీరా ఊరి తూర్పు పేటలకు చేరేసరికి, కుళాయి దగ్గర బిందెల తగవు అచ్చమైన తెలంగాణా తెలుగులో వినబడింది! మాకు నవ్వూ వచ్చింది, ప్రాణమూ లేచి వచ్చింది.

ఈ తెలుగు ఇంత దూరం ఎట్లా వచ్చింది? ఆనాడు షోలాపూరు బొంబాయి రాష్ట్రంలోని ఊరు. దాని పక్కనుంచే నైజాము ఎల్ల. 1860లో ఇక్కడికి రైలు వచ్చింది. 1877లో మొదటి బట్టల మిల్లు లేచింది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమల్లో నేత గిట్టక, కరువుకూ అప్పుకూ తాళలేక పద్మశాలీలు మూటాముల్లె కట్టుకొని ఎల్ల దాటారు. కొందరు మిల్లులో చేరారు. కొందరు ఇంట్లోనే మగ్గం గుంట తవ్వుకొన్నారు. ముందు వచ్చినవాడు తమ్ముణ్ణి పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. అట్లా పేటలకు పేటలే నిండిపోయాయి.

ఈ ఊరు మెత్తనిది కాదు. 1930 మేలో ఇక్కడి జనం తిరగబడితే తెల్లవారు సైనిక శాసనం పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా అనే నలుగురిని 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీశారు. వారి పేరిట ఊరి నడుమ ఒక చౌరస్తా ఉన్నది. తరువాత 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడ్డాయి, 1960లో మహారాష్ట్ర వచ్చింది. తెలుగు ఎల్ల దూరాన తూర్పుననే ఆగిపోయింది. మనవారు ఇక్కడే నిలిచిపోయి, ఈ ఊరివారే అయిపోయారు. గంగాధర్ కుచన్, ధర్మన్న సాదుల్, లింగరాజ్ వల్యాల్ వంటి నేతవారి బిడ్డలను ఈ ఊరు లోక్‌సభకు కూడా పంపింది.

మరునాడు ఒక కార్ఖానాకు వెళ్లాము. లోపల పక్కవాడి మాట వినబడదు. మగ్గాల మీద జకార్డు యంత్రాలు, వాటికి హారాల్లా వేలాడే చిల్లుల అట్టలు. ఏ అట్టలో ఎక్కడ చిల్లి ఉంటే అక్కడి పడుగు పోగు పైకి లేస్తుంది. ఆ సందున పేక పోతుంది. అట్లా ఒక్కొక్క వరుసగా పువ్వూ, నెమలీ దిగి వస్తాయి. యంత్రం పరదేశపుది, లెక్కలు మరాఠీలో. కాని పోగు తెగినప్పుడు పనివాని నోట వచ్చే మాటలు మాత్రం మనవే. పడుగు, పేక, కండె, అచ్చు! 2005–06లో ఇక్కడి దుప్పటికి భౌగోళిక గుర్తింపు దొరికింది. అయినా పానిపట్టులో నేసినవి ఇదే పేరుతో చవుకగా అమ్ముడుపోతున్నవి. పాత మిల్లులు ఒకటొకటిగా మూతబడ్డాయి. దుప్పటి నేసిన మగ్గాలు చాలావరకు తువ్వాళ్లకు మళ్లినవి.

ఇక ఏ గుమ్మంలో చూసినా ఆడవారి ఒడిలో చాట. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, పొగాకు వేసి, చుట్టి, దారం కట్టి, ఇరవై అయిదింటిని ఒక కట్టగా పేరుస్తారు. "రోజుకు ఎన్నమ్మా?" అని అడిగాము. "వెయ్యి చుట్టాలె బిడ్డా. మగ్గం ఆగుతది గని పొయ్యి ఆగదు గద!" అన్నది ఒక పెద్దమ్మ, చేయి ఆపకుండానే. ఇటువంటి తల్లులకోసం నరసయ్య ఆడం నాయకత్వాన కార్మికులు ఏండ్ల తరబడి పోరాడగా, ఊరికి దాపున కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేర పదివేల ఇండ్లు లేచి 2006లో చేతికి వచ్చాయి. ఆ పక్కనే రేనగరులో మరి 15,000 ఇండ్లు 2024 జనవరిలో ఇచ్చారు.

మేము బస చేసిన ఇంటి తాతగారు రాత్రి జొన్నరొట్టె, శేంగచట్నీ పెట్టించి, శ్రావణ పౌర్ణమినాడు కొత్త జంధ్యాలు వేసికొని మార్కండేయుని రథం లాగే వైభవమంతా చెప్పారు. తరువాత ట్రంకుపెట్టెలోనుంచి పసుపెక్కిన కార్డు ఒకటి తీసి మా చేతికిచ్చారు. "చదువుండ్రి" అన్నారు. తాతగారి మాట కమ్మని తెలుగు. కాని చదివింది మరాఠీ బడి. తండ్రి పోయిన తరువాత ఆ కార్డును చదివిపెట్టినవారు లేరట.

కరీంనగరం దగ్గరి పల్లెనుంచి పెదనాయన రాసిన కార్డు అది. వానలు పడ్డవి, ఆవు ఈనింది, ఇంటి వెనుక జాగాలో మీ వంతు అట్లనే ఉన్నది, బతుకమ్మకు పిల్లలను తీసికొని రండి, అంతే. రెండు నిమిషాల్లో చదివేశాము. తాతగారు మళ్లీ చదవమన్నారు. మూడోసారి చదువుతూండగా మనుమడు వచ్చి పక్కన కూర్చుండి, "ఇది ఏ అక్షరం?" అని వేలు పెట్టి అడిగాడు. పడుకొనేలోగా వాడు తన పేరు తెలుగులో రాసి తాతకు చూపించాడు.

ఎల్ల దాటిన మాటను ఇన్ని తరాలు మగ్గం కాపాడింది. మగ్గాలు తగ్గుతున్న ఈ రోజుల్లో ఆ భారం మనమీదనే పడుతున్నది. మనలో ఎందరి పెట్టెల్లోనో ఇటువంటి కార్డులు ఉండే ఉంటాయి. ఈ ఆదివారం ఒకటి తీసి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చదువుదాము.