రేకుల గదిలో మానిటర్లు

మానిటర్లు కొంటున్నానని ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ నా టేబుల్ మీది కంప్యూటర్ వైపు చూసి, "అది బాగానే ఎలుగుతున్నాది కదరా, ఇంకోటెందుకు?" అంది. ఆ మానిటర్ కాదమ్మా, పాటలు వినే స్పీకర్లు అన్నాను. "అవీ ఉన్నాయి కదా!"

నిజమే, ఉన్నాయి. నల్లటి సబ్‌వూఫర్ ఒకటి, దానికి నాలుగు పిల్ల పెట్టెలు. ఇంటర్ పాసైనప్పుడు నాన్న పాడేరులో కొనిపెట్టినవి. నా బాధంతా వాటితోనే అని అమ్మకి ఎలా చెప్పేది?

అమ్మ వాళ్ళ ఊరు జి.మాడుగుల నుంచి ఇంకా లోపలికి వెళ్ళాలి. ఆ ఊళ్లో వరసకి తాతయ్యే ఒకాయన మోరి ఊదేవాడు. మోరి అంటే సన్నాయికి దూరపు చుట్టం అనుకోండి. ధింసా ఆడేటప్పుడు తుడుము, డప్పు, కిరిడి కింద నుంచి అడుగు వేయిస్తుంటే పాటని పైన మోసుకెళ్ళేది మోరి. ఆడవాళ్ళు ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరస కడతారు. మా ఊళ్లో అయితే ఆ వరస ఎప్పుడు తిరగాలో మోరిని వినే పట్టుకుంటారు. 2019లో ఒక పెళ్ళిలో తాత ఊదుతుంటే పదకొండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేశాను. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత తాతకి ముందు పళ్ళు ఊడిపోయాయి, ఊదడం మానేశాడు. ఇప్పుడు ఆయన మోరి అంటే నా దగ్గరున్న ఆ పదకొండు నిమిషాలే.

నేను పెళ్ళిళ్ళకి డీజే కొడతాను. ల్యాప్‌టాప్, చిన్న కంట్రోలర్, హెడ్‌ఫోన్స్ నావి. బాక్సులున్న వ్యాను మా ఫ్రెండుది. తాత రికార్డింగు కింద కిక్ వేసి, తుడుము దెబ్బల్ని సరిచేసి, ఒక నాలుగు నిమిషాల ట్రాక్ తయారుచేశాను. గదిలో వింటే ఒళ్ళు పులకరించింది. రాత్రి ఒంటిగంటకి సబ్‌వూఫర్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని, ఇక ఏజెన్సీ మొత్తం ఇదే మోగుతుందని కలలు కన్నాను.

పోయిన వేసవిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళికి దాన్ని వ్యాను మీద వేశాను. పది సెకన్లలో ఏదో తేడా కొట్టింది. గదిలో గుండెల మీద గుద్దిన కిక్ అక్కడ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. మోరి మాత్రం హారన్లలోంచి చెవిలో సూది దించినట్టు వస్తోంది. ఉత్సాహంగా వరస కట్టిన పిన్నిలూ అత్తలూ రెండు చుట్లు తిరిగి, నవ్వుకుంటూ విడిపోయారు. నులకమంచం మీద కూర్చున్న తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన చెవి మీంచి చెయ్యి తీసి, "ఎవులిదిరా ఇది?" అన్నాడు.

"నీదే తాతా. నువ్వు ఊదిందే."

"కాదురా. ఎవులో ఈల యేస్తన్నట్టున్నాది. ఇది నా మోరి కాదు."

ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. పాట బాగాలేదంటే పడతాను, మామూలే. కానీ ఆయన మోరిని ఆయనే గుర్తుపట్టలేనట్టు చేశాను.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థమవడానికి కొన్ని వారాలు పట్టింది. ఇంట్లో పాటలు వినడానికి చేసే స్పీకర్లు చాలావరకు మనల్ని సంతోషపెట్టడానికే చేస్తారు. బాస్ కాస్త పెంచుతాయి, నడుమ ఉండే స్వరాల్ని కాస్త వెనక్కి నెడతాయి. వినడానికి బాగుంటుంది. మిక్సింగుకి మాత్రం అదే ప్రమాదం. నా సబ్‌వూఫర్ లేని బాస్‌ని చూపిస్తోంది కాబట్టి నేను కిక్‌ని తగ్గించుకుంటూ వెళ్ళాను. పిల్ల పెట్టెలు మోరిని దాచేస్తున్నాయి కాబట్టి దాన్ని పెంచుకుంటూ వెళ్ళాను. స్పీకర్ల లోపాలకి నేను వేసిన మందు పాటలోకి ఎక్కేసింది. ఆ లోపాలు లేని వ్యాను మీద వేసేసరికి ఒట్టి మందే మిగిలింది.

స్టూడియో మానిటర్ పని వేరు. ఉన్నదాన్ని ఉన్నట్టు వినిపించడం. నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో క్లాస్ మానిటర్ ఉండేవాడు. సార్ లేనప్పుడు అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. స్నేహితుడని నా పేరు వదిలేసిన మానిటరంటే నాకు ఇష్టం. సార్‌కి మాత్రం వాడు ఎందుకూ పనికిరాడు. నాకిప్పుడు నా పేరు కూడా రాసే మానిటర్ కావాలి.

పాతికవేల పైచిలుకు పోగయ్యాక విశాఖపట్నం బయల్దేరాను. పాడేరులో బస్సు మారి, ఘాట్ దిగి, చోడవరం మీదుగా. పెన్‌డ్రైవ్‌లో మూడు పాటలు: చిన్నప్పటి నుంచి విన్న ఒక ఇళయరాజా పాట, ఈమధ్య హిట్టయిన ఒక డీజే సాంగు, నా ట్రాక్. దుకాణంలో అయిదంగుళాల వూఫర్‌వే మూడు జతలు పక్కపక్కనే ఉన్నాయి: పసుపు కోన్‌ల కేఆర్‌కే రాకిట్ 5, నల్లటి జేబీఎల్ 305పీ, తెల్ల కోన్‌ల యమహా హెచ్‌ఎస్5.

మొదట చేసిన పొరపాటు, ఒక్కోదాన్ని ఒక్కో వాల్యూమ్‌లో వినడం. ఏది పెద్దగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఇది నా ఒక్కడి జబ్బు కాదు. సౌండు తగ్గించినకొద్దీ మన చెవికి బాస్ ఇంకా తగ్గినట్టు వినిపిస్తుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే గ్రాఫులు గీసి చూపించారు. అంటే కాస్త గట్టిగా పెట్టిన స్పీకర్‌లో బాస్ దానంతటదే పెరిగినట్టుంటుంది. కొట్టతనిని బతిమాలి, ఫోన్‌లోని సౌండ్ మీటర్ చూసుకుంటూ మూడింటినీ ఒకే మట్టానికి తెచ్చి మళ్ళీ విన్నాను.

అప్పుడు తేడాలు తెలిశాయి. రాకిట్ మీద డీజే సాంగు పండగలా ఉంది. ఇంట్లో మిక్స్‌లు ప్రాక్టీస్ చేసుకోవడానికే అయితే ఇంకేమీ ఆలోచించేవాణ్ణి కాదు. జేబీఎల్ మీద పాట రెండు పెట్టెల మధ్య విశాలంగా పరుచుకుంది, అటూ ఇటూ జరిగినా పెద్దగా మారలేదు. ఇక తెల్ల కోన్‌ల వంతు. నా ట్రాక్ పెట్టాను. వ్యాను మీద విన్న అట్టపెట్టె కిక్, ఆ సూది మోరి రెండూ మళ్ళీ వినిపించాయి. దుకాణంలో ఏసీ కింద కూర్చుని కూడా పెళ్ళిపందిట్లో పడ్డ సిగ్గే పడ్డాను.

ఆ తెల్ల కోన్‌కి ఒక పాత కథ ఉంది. 1978లో యమహా ఎన్‌ఎస్-10 అనే స్పీకర్‌ని ఇళ్ళలో సంగీతం వినడానికని తెచ్చింది. ఇళ్ళలో అది పెద్దగా నెగ్గలేదు. సౌండ్ ఇంజినీర్లు మాత్రం దాన్ని మిక్సింగ్ బల్ల మీదకి ఎక్కించారు. దీని మీద బాగుందనిపిస్తే ఎక్కడైనా బాగుంటుందని వాళ్ళ లెక్క. ట్వీటర్ మరీ గీరుతోందని దాని ముందు టిష్యూ పేపర్ అంటించుకుని మరీ వాడారు. 2001లో దాని తయారీ ఆగిపోయింది. హెచ్‌ఎస్ వరసకి ఆ తెల్ల కోన్ రూపం వచ్చింది గానీ స్పీకర్ వేరు, టిష్యూ అక్కర్లేదు.

కాగితం మీది అంకెలూ చూశాను. మిగతా రెండూ 43 హెర్ట్జ్ దాకా దిగుతాయని రాసుంది, హెచ్‌ఎస్5 54 దగ్గరే ఆగిపోతుంది. డీజేకి అది లోటే. కానీ నా గదిని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా! పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, సిమెంటు గోడలు, పైన రేకులు. ఎదురెదురు గోడల మధ్య దూరంలో సరిగ్గా సగం తరంగం పట్టే స్వరం ఆ గదిలో ఉబ్బిపోతుంది. లెక్కవేస్తే పన్నెండడుగులకి 47 హెర్ట్జ్, పదడుగులకి 56. అంటే కిక్ ఉండే చోటే నా గది గుమ్మంటుంది. అంత కిందికి దిగే స్పీకర్ పెట్టి ఆ గుమ్మునే వింటూ కూర్చుంటే మళ్ళీ పాత కథే. 54 కింద ఏముందో హెడ్‌ఫోన్స్‌లో చూసుకోవచ్చు అనుకున్నాను. నన్ను సిగ్గుపెట్టిన జతకే డబ్బు కట్టాను.

షోలో ఉన్నది తప్ప వేరే జత లేదని, కొరియర్లో పంపిస్తామన్నారు. వారం దాటినా రాలేదు. ఆరా తీస్తే పార్సెల్ కింది మాడుగులలో ఉంది! మాది జి.మాడుగుల, ఘాట్ ఎక్కాక వచ్చేది. హల్వాకి పేరున్న మాడుగుల ఘాట్ దిగాక వస్తుంది. నాన్న బండి మీద వెళ్ళి రెండు అట్టపెట్టెలూ వెనక కట్టుకుని, ఎలాగూ వెళ్ళాను కదా అని కిలో హల్వా కూడా తెచ్చాడు. అమ్మకి ఈ మొత్తం వ్యవహారంలో నచ్చింది ఆ హల్వా ఒక్కటే.

పెట్టెలు విప్పాక ఇంకో పాఠం. నా కంట్రోలర్ వెనక ఉన్నవి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ రంధ్రాలు. మానిటర్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్, టీఆర్‌ఎస్ మాత్రమే. ఆర్‌సీఏ నుంచి పావంగుళం పిన్నుకి వెళ్ళే కేబుల్ కోసం ఇంకో వారం ఆగాను. మానిటర్లు ఎంచుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: స్పీకర్ ముందు వైపు చూసి మురిసేలోగా ఒకసారి వెనక వైపు చూడండి.

తర్వాత గదితో కుస్తీ. మొదట రెండిటినీ మూలల్లో పెడితే బాస్ బురదలా ఉంది. హెచ్‌ఎస్5 గాలి వదిలే పోర్ట్ వెనక ఉంటుంది, గోడకి ఆనిస్తే ఊరుకోదు. టేబుల్‌ని ముందుకి లాగాను. గదికి సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఉబ్బే ఆ బాస్ ఒక్కసారిగా మాయమైంది. మధ్యకీ గోడకీ నడుమ జరుగుతూ, పొడవులో మూడోవంతు దాటిన చోట ఆగాను. రెండు స్పీకర్లూ, నా తలా సమానమైన త్రిభుజం. ట్వీటర్లు చెవుల ఎత్తుకి రావడానికి కింద ఇటుకలు. వెనకనున్న రూమ్ కంట్రోల్ స్విచ్ రెండు డెసిబెల్స్ కిందికి. మూలల్లో పాత పరుపులు చుట్టి నిలబెట్టాను. "స్టూడియోనా, ధర్మాసుపత్రా?" అని చెల్లి అడిగింది. రేకులకి మాత్రం మందు లేదు. వానొస్తే మిక్సింగు బంద్. మా దగ్గర వానాకాలం ఎంత పొడుగో తెలిసినవాళ్ళకి తెలుసు.

నా ట్రాక్‌ని మొదటి నుంచీ విప్పాను. కిక్‌ని పైకి తెచ్చాను. మోరిలో మూడు కిలోహెర్ట్జ్ చుట్టూ నేనే పెంచిందంతా తీసేశాను. దాంతో దాని కింద తొక్కబడి ఉన్నవన్నీ బయటికొచ్చాయి. కాలి పట్టీలు, ఎవరో పిల్లని పిలవడం, తుడుము మీద పుల్ల జారడం. రెండో నిమిషం దాటాక మోరి ఒక్క క్షణం తెగుతుంది. అక్కడ చిన్నగా ఊపిరి పీల్చిన చప్పుడు. నా మొదటి ట్రాక్‌లో అది లేదు. తప్పనుకుని, ఆ ముక్క కత్తిరించి, ముందున్న స్వరాన్ని సాగదీసి అతికించింది నేనే.

ఒకరోజు సంతకి వచ్చిన తాతని ఇంటికి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. కొత్త ట్రాక్ కాదు, ముందు ఒట్టి రికార్డింగే వేశాను. వాల్యూమ్ తక్కువలో. ఆయన రెండు పెట్టెల మధ్య ఖాళీలోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి, రంధ్రాలు మూస్తున్నట్టు. ఊపిరి తెగిన చోట ఆగి నా వైపు తిరిగాడు.

"అక్కడ దమ్ము సాలనేదురా. అప్పటికే రెండు పళ్ళు కదిలిపోనాయి."

"తీసెయ్యమంటావా తాతా?"

"ఎందుకూ? నాదే కదా. అలాగే వొగ్గీ."

అలాగే వదిలేశాను. ఇప్పుడు ఆ చోట కిక్ కూడా ఒక దెబ్బ ఆగుతుంది. ఫిబ్రవరిలో ఇంకో పెళ్ళి ఉంది. బాస్ నాబ్ తన ఇష్టం వచ్చినట్టు తిప్పొద్దని వ్యాను ఫ్రెండుకి ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఎత్తలేదు.